సెత్తిమియా గుమ్మం

ఆ నెలలో మూడోసారి మోరాగ్ పరాయివాళ్ళ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుక్క పెంట కడుగుతోంది. గుమ్మం ఎనభై మూడేళ్ళ సెత్తిమియాది. ఆవిడకి మోకాళ్ళు వంగవు. వంగినన్నాళ్ళూ పొద్దున్నే బకెట్టు నీళ్ళలో బ్లీచింగ్ కలిపి ఆ రెండు రాతిమెట్లూ, మెట్ల ముందు గజం వీధీ తనే తోముకునేది. ఇటలీలోని ఈ మోంతెఫొర్నో ఊళ్ళో గుమ్మం కడగని ఇంట్లో మనుషులు లేనట్టే లెక్క. ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తుంది, మోరాగ్ తోముతుంది. తోమమని ఎవరూ అడగలేదు. ఎదురిల్లు కదా, కనిపించింది, వంగింది. ముందు వంగడం, తర్వాత ఆలోచించడం ఆమెకి అలవాటు.

"అదిగో, ఆ పగుల్లో ఇంకా ఉంది చూడమ్మాయీ" అంది సెత్తిమియా. "కుక్కనని ఏం లాభంలే. దాన్ని పట్టుకొచ్చే పందికుండాలి సిగ్గు."

"పందిని ఎందుకండీ అంత మాటంటారు? అది కూడా తను పడుకునే చోటు పాడుచేసుకోదు" అంది మోరాగ్ బ్రష్షు ఆపకుండానే.

గుమ్మాల్లో నిలబడి చూస్తున్న వీధి ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. "అబ్బో, మన తిట్లన్నీ వచ్చేశాయే ఈవిడకి!" అని ఒకావిడ కిటికీలోంచి మెచ్చుకుంది. మోరాగ్ పొంగిపోయింది. ఆ నవ్వు సంపాదించడానికి ఆరేళ్ళు పట్టింది మరి. మొదటి ఏడాదంతా ఆమె వీధిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. బ్రీచొలా వచ్చాకే కాస్త దారి దొరికింది. చెవులు వేలాడే ఆ బూడిదరంగు కుక్కపిల్లని ముందు పలకరించేవాళ్ళు, తర్వాత తాడు పట్టుకున్న మనిషిని. "బ్రీచొలా అమ్మ" అని పిలిచి పిలిచి, కొన్నాళ్ళకి మోరాగ్ అనడం మొదలుపెట్టారు.

ఈ ఊరికి రావాలన్న కల ఆమెది కాదు. స్కాట్లండులోని డండీలో ఇరవయ్యేడేళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పింది. ఉద్యోగం ఇంకో ఎనిమిదేళ్ళుంది. భర్త ఫెర్గస్ ముందుగానే రిటైరై, "ఎండలో బతుకుదాం మో, బొమ్మలేసుకుంటాను" అన్నాడు. ఆమె రాజీనామా చేసింది. ఎండ ఇద్దరికీ వచ్చింది, బొమ్మలు అతనికి వచ్చాయి, మిగిలినవన్నీ ఆమెకి వచ్చాయి. పొయ్యికి కట్టెలు చెప్పడం, పైకప్పు కారితే మేస్త్రీని బతిమాలడం, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో గుర్తుపెట్టుకోవడం, మునిసిపాలిటీలో చీటీ తీసుకుని గంటలు గంటలు నిలబడటం. ఫెర్గస్‌కి వరసలో నిలబడే ఓపిక లేదు. అందుకే గ్యాసు ఆమె పేరున, నీళ్ళు ఆమె పేరున, చివరికి కుక్క కూడా ఆమె పేరున. అతని పేరున ఉన్నదల్లా గడప పక్క ఇత్తడి పలక. దాని మీద "చిత్రకారుడు" అని చెక్కించుకున్నాడు.

ఇంట్లో అతను చేసే పని ఒక్కటే. పొద్దున ఆరున్నరకి కుక్కని తిప్పుకు రావడం. మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయేముందు మోరాగే తిప్పుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కానీ ఫెర్గస్ పొద్దుటి నడక గురించి ఊరంతటికీ తెలుసు, డండీలో ఉన్న చెల్లెలికీ తెలుసు. "కుక్క సంగతి నేనే చూసుకుంటాను" అంటాడు ఎవరొచ్చినా. పక్కనే కాఫీ కప్పులు సర్దుతూ ఆమె నవ్వుతూ ఉంటుంది. అలా నవ్వి నవ్వి ఆమెకి దవడలు నొప్పి పుట్టేవి.

ఈ జూన్‌లో మాత్రం ఆమెకంటూ ఒకటి రాబోతోంది. లైబ్రరీ చూసే లొరెదానా సెత్తిమియాకి మేనకోడలు. సెప్టెంబరు నుంచి మంగళ, గురువారాలు మధ్యాహ్నం పిల్లలకి కథలు చదివి చెప్పే ఉద్యోగానికి మోరాగ్ పేరు రాసింది. చిన్న ఉద్యోగమే, కానీ ఉద్యోగం. ఈ వారమే పేరు ఖాయం చేస్తారు. ఆ మాట చెప్పిన రోజు ఫెర్గస్ బ్రష్షు కడుక్కుంటూ, "మంగళ, గురువారాలా? మరి భోజనం?" అన్నాడు. శుభం అనలేదు, సంతోషం అనలేదు. భోజనం అన్నాడు.

గుమ్మం కడిగి ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుందో లేదో, తలుపు తట్టారు. మునిసిపల్ పోలీసు దొనతెల్లా. చేతిలో కవరు. ఎప్పుడూ గలగల మాట్లాడే పిల్ల, కళ్ళు దించుకుని నిలబడింది.

"మోరాగ్ గారూ, పోయినేడు కుక్కలన్నిటి నోట్లోంచీ లాలాజలం తీసుకున్నాం, గుర్తుందా? సెత్తిమియా గారి మెట్ల దగ్గర ముందు రెండుసార్లు దొరికినవి డీఎన్ఏ పరీక్షకి పంపాం. మీ బ్రీచొలాదేనండీ. రెండుసార్లూ."

"పొరపాటు పడ్డారేమో దొనతెల్లా."

"నేనూ అదే అన్నానండీ, ఆవిడ అలాంటి మనిషి కాదే అని. మళ్ళీ చేయించాం. మీ పేరునే ఉంది కదా కుక్క, అందుకని కాగితం మీకే ఇవ్వాలి. మధ్యాహ్నానికి సెత్తిమియా గారిక్కూడా చెప్పాలి. ఆవిడే ఫిర్యాదు చేసింది మరి."

మోరాగ్ సంతకం పెట్టింది. తలుపు వేసింది. పొద్దున తను అన్న పంది మాట, ఆ నవ్వులు, ఆ కిటికీలోంచి మెచ్చుకోలు, అన్నీ ఒక్కసారి ముఖం మీద పడ్డాయి. చెవులు కాలిపోయాయి. ఇక ఈ వీధిలో తలెత్తుకుని నడవడం ఎలా? లొరెదానా ఏమనుకుంటుంది? గుమ్మం పాడుచేసి, తనే కడిగి, తనే తిట్టి, ఎంత నాటకం ఆడిందమ్మా ఈ విదేశీ ఆడమనిషి అనుకోరూ? బల్ల కింద బ్రీచొలా తోక ఆడిస్తూ చూసింది. దాని తప్పేముంది, పాపం. దానికొచ్చినప్పుడు అది కూర్చుంది.

అప్పుడు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న తాడు చూసింది. తాడుకి పెంట ఎత్తే ప్లాస్టిక్ సంచుల చుట్ట. ఈస్టరు నాడు ఆమే కట్టింది. ఆమె తిప్పేటప్పుడు తన కోటు జేబులోంచి వేరే సంచులు తీసుకుంటుంది. ఈ చుట్ట ఫెర్గస్ కోసం. దాని మీద అతికించిన కాగితం కూడా ఊడలేదు. ఈస్టరు నుంచి జూన్ దాకా ఒక్కటి, ఒక్కటంటే ఒక్క సంచి కూడా చింపలేదు పెద్దమనిషి.

పొద్దున బొమ్మలకని బయటికెళ్ళిన ఫెర్గస్ నాలుగింటికి తిరిగొచ్చి, పెరట్లో బోచ్చె ఆటకి వాడే బరువైన బంతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఇంకాసేపట్లో పక్క ఊరి జట్టుతో పోటీ. ఆమె కాగితం ముందు పెట్టింది. అతను చదవలేదు, ఇటాలియన్ కాగితాలు అతను చదవడు. ఆమె చెప్పింది.

"ఓ, అదా" అన్నాడు. "పొద్దున్నే వంగితే నడుం పట్టేస్తోంది మో. అయినా ఇది ఇటలీ. ఇక్కడెవరు పట్టించుకుంటారు ఇలాంటివి? వానకి కొట్టుకుపోతుంది."

"వానకి కొట్టుకుపోలేదు. నేను కడిగాను. మూడుసార్లు."

"తెలుసు. చూశాను."

"ఎక్కడ్నించి?"

"పై కిటికీలోంచి. కాఫీ తాగుతూ. పాపం అనుకున్నాను."

చూశాడట. ఎవరి కుక్కో తెలిసీ, ఎవరి పనో తెలిసీ, తన భార్య ఊరందరి ముందూ మోకాళ్ళ మీద పాకుతూ ఉంటే వేడి వేడి కాఫీ తాగుతూ చూశాడట. పాపం అనుకున్నాడట! ఆ బంతుల్లో ఒకటి తీసి నెత్తిన వేయాలన్నంత కోపం వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. వచ్చిందేమో, తెలియలేదు. తలనొప్పి అనుకుని మాత్ర వేసుకుని ఉంటుంది.

అతనింకా మాట్లాడుతూనే ఉన్నాడు. "చూడు, నువ్వే వెళ్ళి ముసలావిడకి చెప్పేసెయ్. నువ్వే తిప్పావని, సంచులు మర్చిపోయావని. నీ ఇటాలియన్ బాగుంటుంది. ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ ఎలాగో సర్దుకుంటారు. నా పేరొస్తే అయిపోయినట్టే. జట్టు కెప్టెన్ నజ్జరేనో ఆవిడ మరిదే. ఎంత కష్టపడితే నన్ను కలుపుకున్నారో నీకు తెలీదూ?"

"మరి లైబ్రరీ?"

"అదింకా రాలేదుగా. లేనిదాని గురించి గొడవెందుకు?"

దారుణం ఏమిటంటే, ఆమె బయల్దేరింది. చెప్పులేసుకుంది, జుట్టు సర్దుకుంది, బ్రీచొలాకి తాడు కట్టుకుని బయల్దేరింది. కాళ్ళకి అలవాటు. కూతురి పెళ్ళిలో ఉంగరాలు ఇంట్లో మర్చిపోయింది ఫెర్గస్, వియ్యాలవారికి "నా మతిమరుపు" అని చెప్పింది ఆమె. అతను తాగి పక్కింటి గోడని కారుతో గుద్దితే, మర్నాడు కేకు చేసుకుని వెళ్ళింది ఆమె. కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పుడే అత్తగారు చెప్పింది, "మావాడికి చిన్న చిన్న విషయాలు బుర్రకెక్కవమ్మా, అవి నువ్వు చూసుకో" అని. ఆ చిన్న చిన్న విషయాల్లో క్షమాపణలు కూడా ఉన్నాయని అప్పుడు తెలియలేదు.

వీధి దాటడానికి పట్టింది పది అడుగులు. సెత్తిమియా మెట్ల పక్క కుర్చీలో ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడ ఒళ్ళో దొనతెల్లా ఇచ్చిన కాగితం ఉంది.

"సెత్తిమియా గారూ" అంది మోరాగ్. "ఆ కుక్క మాదే. నేను..."

"ఆగు" అంది సెత్తిమియా. "ఆ తర్వాత మాట అనకముందు కాస్త ఆలోచించుకో అమ్మాయీ. నేను ఐదింటికే లేస్తాను. తలుపు సందులోంచి నాకు వీధి కనిపిస్తుంది. ఎవరి బూట్లు ఆగాయో మూడు వారాలుగా తెలుసు నాకు."

మోరాగ్ ఇంకో అడుగు ముందుకేసింది. "మరి ఎందుకు చెప్పలేదు? నాచేత ఎందుకు కడిగించారు?"

"నేను కడగమన్నానా? నీ అంతట నువ్వే బకెట్టు అందుకున్నావు. నీకు తెలిసే కడుగుతున్నావనుకున్నాను, మొగుడి గుట్టు దాస్తున్నావనుకున్నాను. పొద్దున నువ్వు అంతంత నోరేసుకుని తిట్టేసరికి అర్థమైంది, నీకు తెలీదని. ఇప్పుడు తెలిసిందిగా. ఎవరొస్తారో చూద్దామని కూర్చున్నాను. నువ్వే వచ్చావు." కాయ ఒకటి విరిచి గిన్నెలో వేసింది. "మా ఆయన తరఫున నేనూ నలభై ఏళ్ళు తిరిగాను ఇల్లిల్లూ. నాటుసారా మత్తులో ఎవర్నేమన్నా, పొద్దున్నే గుడ్లు పట్టుకుని నేనెళ్ళేదాన్ని. చివరికి ఆయన మంచోడిగా పోయాడు. నేను తేరగా గుడ్లు పంచే పిచ్చిదానిగా మిగిలాను. ఆయన శవపేటిక వెనక ఊరంతా నడిచింది, ఎంత నెమ్మదస్తుడో అనుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది."

మోరాగ్‌కి ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండుననిపించింది.

"నువ్వే చేశావని చెప్తే నమ్మినట్టు తల ఊపుతాను" అంది సెత్తిమియా. "కానీ లొరెదానా అడిగితే నిజం చెప్తాను. ఎదుటివాడి అబద్ధం నెత్తినేసుకుని తిరిగే మనిషి, రేపు పిల్లలకి ఏం చదివి చెప్తుంది?"

అంతే. ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. మోరాగ్ మెట్ల మూల ఉన్న బకెట్టు తీసుకుంది. అందులో బ్రష్షు వేసుకుంది. "ఇవి కాసేపు తీసుకెళ్తున్నాను" అంది. సెత్తిమియా తలెత్తలేదు కానీ, "బ్లీచింగ్ మర్చిపోకు" అంది.

బోచ్చె ఆడే ఇసక బరి చర్చి వెనక ఉంది. ఆమె చేరేసరికి ఆట మొదలైపోయింది. రెండు ఊళ్ళ మగవాళ్ళూ గట్టు చుట్టూ చేరి ఉన్నారు. ఫెర్గస్ ఒక కాలు ముందుకు పెట్టి బంతి గురి చూస్తున్నాడు. ఒక చేత బకెట్టు, ఒక చేత కుక్క తాడు పట్టుకుని మోరాగ్ నేరుగా బరి మధ్యకి నడిచింది. బకెట్టు అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"సెత్తిమియా గారి గుమ్మం మూడుసార్లు పాడు చేయించింది నువ్వు. మూడుసార్లూ కడిగింది నేను. ఇప్పుడు వెళ్ళి నువ్వు కడుగు" అంది. ఇటాలియన్‌లో అంది, మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా, తరగతిలో చెప్పినట్టు.

గట్టు మీద మాటలు ఆగిపోయాయి. ఫెర్గస్ ముఖం కందిపోయింది. "ఏంటిది మో? పిచ్చి పట్టిందా?" అన్నాడు ఇంగ్లీషులో, పళ్ళ మధ్య నుంచి. "నువ్వే చేశావని చెప్పమన్నానా లేదా?"

"ఏమంటున్నాడు?" అన్నాడు నజ్జరేనో.

ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరు ఈ ప్రశ్న వేసినా సమాధానం ఆమే. మేస్త్రీని అతను దొంగవెధవ అంటే, "కాస్త తొందరగా అయితే బాగుంటుందంటున్నారు" అనేది. ఇదే నజ్జరేనోని అతను పల్లెటూరి మొద్దు అంటే, "మీ ఆట చాలా బాగుందంటున్నారు" అనేది. అతని ప్రతి మాటనీ కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అందరికీ ఇచ్చింది. ఈ ఊళ్ళో ఫెర్గస్ మర్యాదస్తుడంటే, ఆ మర్యాదంతా ఆమె నోటి కష్టం.

"నాకు పిచ్చి పట్టిందా అంటున్నాడు" అంది మోరాగ్. "తప్పు నేనే చేశానని అబద్ధం చెప్పమన్నాడు, ఎందుకు చెప్పలేదని అడుగుతున్నాడు."

ఎవరో నోటితో చిన్న శబ్దం చేశారు. నజ్జరేనో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఫెర్గస్ చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని, నవ్వులాటగా తేలిపోతుందేమోనని. ఎవరూ నవ్వలేదు. అతను వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ గొంతులో బతిమాలుకోవడం వినిపించింది.

"పద మో, ప్లీజ్. ఇంటికి పోదాం. ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇప్పుడేమంటున్నాడమ్మా?" అన్నాడు నజ్జరేనో.

మోరాగ్ మోచెయ్యి విడిపించుకుంది. మగవాళ్ళ మధ్య గట్టు మీద కాస్త చోటు చేసుకుని కూర్చుంది. బ్రీచొలా వచ్చి ఆమె పాదాల మీద పడుకుంది.

"ఇంట్లో మాట్లాడుకుందాం అంటున్నాడు" అంది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంట్లోనే మాట్లాడుకున్నాం. ఈరోజు ఇక్కడే మాట్లాడమనండి."