పదో గింజ

వికారాబాద్‌లో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్న అంజిలయ్య చొక్కా జేబులోంచి కంది గింజలు తీసి అరచేతిలో లెక్క చూసుకున్నాడు. పది. సరిపోయాయి. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు మోసిన అటెండరు, రిటైరయ్యాక ప్రతి శనివారం పది గింజలు జేబులో వేసుకుని తాండూరు పోతానంటే చుట్టుపక్కలవాళ్లు నవ్వరూ మరి! "ముసలాయనకు పనీ లేదు, పాటా లేదు" అన్నారు. పని లేని మాట నిజమే. పాటకేం తక్కువ?

ఇవాళ పొద్దుటినుంచీ ఎడమచెయ్యి బరువుగా ఉంది. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. గ్యాసే అయ్యుంటుందనుకుని స్టేషన్లో ఓ సోడా తాగాడు. శనివారం మానేస్తే ఎట్లా? అక్కడ నిరోషా ఎదురుచూస్తూ ఉంటుంది.

నిరోషాకు ఆరేళ్లు. తల్లి రెబెక్క బండల పాలిషింగు దగ్గర పనిచేస్తుంది. చర్చి పక్కగదిలో అంజిలయ్య దగ్గర హార్మోనియం నేర్చుకున్న పిల్లలంతా మూడు నెలల్లో రెండు చేతులూ ఆడించారు. ఈ పిల్ల మాత్రం తొమ్మిది నెలలుగా కుడిచేత్తో మెట్లు నొక్కుతుందే తప్ప ఎడమచేత్తో వెనక తిత్తిని ముట్టుకోదు. గాలి సారే కొట్టాలి. రెండు చేతులూ కలిస్తే పాట పాడైపోతుందని దాని భయం.

"రెండు పీకుండ్రి సార్, అదే వస్తది" అని రెబెక్కే అన్నది ఒకసారి.

"తీగను గుంజితే పెరుగుతదా అమ్మా?" అన్నాడు అంజిలయ్య.

ఆ మాట ఊరికే అన్నది కాదు. దౌల్తాబాద్ దగ్గరి వాళ్ల ఊళ్లో భాగవతం మేళానికి హార్మోనియం వాయించే జంగప్ప ఉండేవాడు. అబ్బ, ఏం చెయ్యి ఆయనది! ఆయన మెట్లు నొక్కుతుంటే ఏడేళ్ల అంజిలయ్య అన్నం కూడా మరిచేవాడు. కానీ ఒక్క స్వరం తప్పితే చింతబరికతో వేళ్లమీద ఒక్కటిచ్చేవాడు. ఉంగరపు వేలు వంకరపోయిన రోజు నుంచి అంజిలయ్య ఏడేళ్లపాటు ఆ పెట్టె జోలికి పోలేదు. తర్వాత నేర్చుకున్నాడు గానీ, పోయిన ఆ ఏడేళ్లు ఎవరు తిరిగిస్తారు?

అందుకే నిరోషాను తిత్తి కొట్టమని ఒక్కసారీ అడగలేదు. పాట మధ్యలో చెయ్యి ఆపేసి, కళ్లు మూసుకుని, గురకపెట్టేవాడు. గాలి లేక పాట మూలిగి ఆగిపోయేది. "సార్! గాలి!" అని ఆ పిల్ల ఆయన మోకాలి మీద చరిచేది. ఆయన నవ్వి మళ్లీ అందుకునేవాడు. ఏదో ఒకనాడు దానికే విసుగొచ్చి ఎడమచెయ్యి వేస్తుందని ఆశ. తొమ్మిది నెలలైనా ఆ ఆశ చావలేదు.

తాండూరులో దిగి చర్చికి చేరేసరికి గదిలో చాప పరిచి ఉంది. అంజిలయ్య గోడకు ఆనుకుని కూర్చుని, గింజలు టిఫిన్ డబ్బా మూతలో పోశాడు. పాట ఒకసారి పూర్తయితే ఒక గింజ కిటికీ గట్టుమీదికి జరగాలి. జరపడం సారు పని.

"నీ చెయ్యి మెట్ల మీదికెల్లి లేవొద్దు బిడ్డా. ఇగ కానీ."

పిల్లల కోసం ఆయనే ఐదు స్వరాల్లో కట్టిన రైలు పాట. నిరోషా నాలుక కొస పంటికింద పెట్టుకుని వాయించింది. "మంచిగున్నది. ఇంకొక్కపారి." గింజ జరిగింది. తొమ్మిది గింజలు జరిగేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

పదోసారి పాట మూడో వరుసకు వచ్చింది. అంజిలయ్య కళ్లు మూసుకున్నాడు. జంగప్ప ఇంటి అరుగు, పెట్టె మీది పాత ఇత్తడి బొత్తాలు, ఎంతకీ అందని ఆ మెట్లు కళ్లముందుకొచ్చాయి. ఈసారి ఎవరి చేతిలోనూ బరిక లేదు. హాయిగా అనిపించింది. ఎడమచెయ్యి తిత్తి మీంచి నెమ్మదిగా జారింది. తల గోడకు ఒరిగింది.

పాట సన్నబడి ఆగిపోయింది.

నిరోషా కిసుక్కున నవ్వింది. "నాకెరికే! కావాల్నని ఆపిండ్రు గదా!" కాసేపు చూసింది. మోకాలి మీద చరిచింది. సారు ఈ రోజు మరీ మొండికేశాడు. "లేవకుంటె నేనే కొడ్త సూడుండ్రి!"

ఎడమచెయ్యి తిత్తి మీద వేసింది. మొదటి గాలి కీచుమంది. రెండోది నిండుగా పలికింది. మూడో వరుస నుంచి పాట మళ్లీ నడిచింది, ఒకచోట తడబడింది, తనే సర్దుకుంది, చివరిదాకా పోయింది.

"సార్! రెండు చేతులు! గింజ జరుపుండ్రి."

సారు కదల్లేదు.

"లేవుండ్రి సార్, అయిపోయింది. గింజ జరుపుండ్రి."

పాట వింటూ గుమ్మంలో నిలబడిపోయిన రెబెక్క, ముఖమంతా సంబరంతో లోపలికి వచ్చింది. "సార్, మా పిల్ల..." అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదిలి, గబుక్కున కూతుర్ని దగ్గరికి లాక్కుంది. రాతిదుమ్ము చేతులతోనే దాని కళ్లు మూసింది.

"నేను మొత్తం వాయించిన అమ్మా" అంది నిరోషా. "సార్ ఇన్నడు గదా?"

"ఇన్నడు బిడ్డా. ఇన్నడు" అంటూ రెబెక్క బావురుమంది.

కిటికీ గట్టుమీద తొమ్మిది గింజలు వరసగా ఉన్నాయి. పదోది టిఫిన్ మూతలోనే ఉంది.