నిమ్‌పురాలో ఆరు నెలలు

దేముడి మెడకు చుట్టుకున్నది బర్మా పాస్‌పోర్టు. రంగూన్‌లో బియ్యం మిల్లు పని పోకూడదని పదేళ్ల కిందట అక్కడి పౌరుడిగా సంతకం పెట్టాడు. తర్వాత మిల్లును అక్కడి సర్కారు తీసుకుంది. భార్య జోగమ్మను జ్వరం తీసుకుంది. ఓడ దిగి పుట్టిన దేశంలో అడుగు పెడితే, నువ్వు పరాయివాడివన్నారు. మళ్లీ ఇక్కడి మనిషి కావాలంటే అర్జీ పెట్టాలి. దానికి ముందు ఆరు నెలలు ఎడతెగకుండా ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. చూపకపోతే గడువు తీరగానే మళ్లీ ఓడెక్కాలి. ఎక్కి ఎవరి దగ్గరికి పోవాలి?

ఆ ఆరు నెలలూ అతడు బెంగాల్లోని నిమ్‌పురా రైల్వే కాలనీలో, తమ్ముడు గణపతిరావు క్వార్టర్లోనే ఉన్నాడు. తండ్రి రిటైరైనప్పుడు, వర్క్‌షాపులో ఆయన పని కొడుకుల్లో ఒకడికి ఇస్తామన్ననాడు పెద్దవాడు దేముడే. తమ్ముడు బక్కవాడని వాణ్ణి ముందుకు తోసి, తాను రంగూన్ పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. దేముడూ ఎత్తలేదు.

వచ్చిన మర్నాడే పోలీసు స్టేషన్లో అడ్రసు రాయించుకుంటానన్నాడు.

"ఇప్పుడొద్దన్నియ్యా," అన్నాడు గణపతి. "క్వార్టర్లో బయటి మనిసిని పెట్టినానని తెలిస్తే నా ఉద్యోగానికే ఎసరు. ఆరు నెల్లయినాక ఎంక్వైరీకొస్తారు గదా. అప్పుడు నేనే సెప్తాను."

తమ్ముడి మాట. నమ్మాడు.

క్వార్టర్ల తనిఖీకి మనిషి వస్తున్నాడని కబురు పాకితే చాలు, ఆ లైనులో ప్రతి ఇంట్లోనూ చుట్టాలు మాయమయ్యేవారు. దేముడు గోల్‌బజార్‌కు పోయి చేపల అంగళ్ల మధ్య పొద్దు పుచ్చి వచ్చేవాడు. పక్కింటి దాలమ్మ గుమ్మంలో కూర్చుని నవ్వేది.

"ఏటి దేముడు బావా, మళ్లీ గాల్లో కలిసిపోనావా? పేరుకి తగ్గట్టే ఉన్నావు. ఉన్నావంటే ఉన్నావు, లేవంటే లేవు!"

రేషన్ కార్డులో తండ్రి అప్పలస్వామి పేరు ఇంకా ఉంది. ఆయన పోయి మూడేళ్లు. గణపతి ఆ పేరు కొట్టించలేదు. ఆ వాటా బియ్యం, గోధుమలు దేముడే వారం వారం ఖరిదా బజారులోని రేషన్ షాపులో వరసన నిలబడి తెచ్చేవాడు. అప్పలస్వామీ అని పిలిస్తే పలికేవాడు. తండ్రికి చదువు రాదు గనక, రాత వచ్చిన చేతితోనే వేలిముద్ర వేసేవాడు. చచ్చినవాడి వాటా తింటున్నానని మొదటివారం ముద్ద దిగలేదు. తర్వాత దిగింది.

ఆరు నెలలు నిండి అర్జీ పెట్టాక, అరవయ్యారో సంవత్సరం ఎండలు ముదిరిన వేళ ఎంక్వైరీ బాబు సైకిలు మీద వచ్చాడు. బెంగాలీ మనిషి, హిందీలో మాట్లాడాడు. ఓడ దిగిన ముద్ర చూశాడు. దిగింది సరే, దిగాక ఎక్కడున్నాడో అది చెప్పమన్నాడు. రేషన్ కార్డు అడిగి తీసుకుని పేర్లన్నీ పైకి చదివాడు. అందులో దేముడు లేడు.

"దాదా, యే ఆద్మీ కబ్ సే హై యహా?" ఈ మనిషి ఇక్కడ ఎప్పట్నించి ఉన్నాడని గణపతిని అడిగాడు.

గణపతి వంటింటి వైపు చూశాడు. తలుపు చాటున భార్య రత్నం తల అడ్డంగా ఊపింది.

"కల్ ఆయా, సాబ్," అన్నాడు గణపతి. "మెహమాన్."

నిన్న వచ్చిన చుట్టం. దేముడు తమ్ముడి ఎదటికి వచ్చి నిలబడ్డాడు, మాట దిద్దుకుంటాడేమోనని.

"ఒరే గణపతీ, నా మొకం సూసి సెప్పు."

గణపతి నేల చూశాడు. "ఏటి సెయ్యమంటావు? వచ్చే నెల్లో ప్రమోషనుంది. ఇంకోచోట ఆరు నెల్లుండి మళ్లీ అర్జీ పెట్టుకో. నీకేటి, ఒంటి మనిసివి."

దేముడు గుమ్మంలోకి వచ్చి దాలమ్మను పిలిచాడు. "నువ్వైనా సెప్పవే."

"నాకేటి తెలుసు బాబూ," అని ఆవిడ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఆవిడ ఇంట్లోనూ ఒక మరిది దాక్కుని ఉన్నాడు.

బాబు కాగితాలు మడిచాడు.

"ఆగండి," అన్నాడు దేముడు, వచ్చీరాని హిందీలో. "ఆ కార్డులో అప్పలస్వామి ఎవరో అడగండి."

"అన్నియ్యా!"

"మా అయ్య. పోయి మూడేళ్లయింది. కొరివి పెట్టింది ఈ గణపతే. ఆరు నెల్లుగా ఆయన వాటా తెచ్చింది నేను, తిన్నది నేను. ఖరిదా షాపు పుస్తకంలో వారం వారం ఉన్న వేలిముద్ర నాది. నా వేలు పట్టుకెళ్లి సరిచూసుకోండి."

బాబు అతణ్ణి ఎగాదిగా చూశాడు. అది నేరమని, అతడి మీద కూడా రాయాల్సి వస్తుందని చెప్పాడు.

"రాయండి. రాస్తే నేనిక్కడున్నట్టే గదా."

బాబు మడిచిన కాగితాలు విప్పి చాలాసేపు రాశాడు. రత్నం బయటికి వచ్చి గుండెలు బాదుకుంది.

"మా పిల్లలేటైపోతారు బావగారూ? ఆరు నెల్లు కూడెట్టినాం కదా మీకు!"

"ఆ మాటే ఇందాక సెప్పుంటే సరిపోను," అన్నాడు దేముడు.

రాసిందాని కింద సొంత పేరు సంతకం పెట్టాడు. దండెం మీది చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. గణపతి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. వర్క్‌షాపు అంటాడు, క్వార్టరు అంటాడు, అయ్య పరువంటాడు. దేముడు వినలేదు. వాడు ఏడిస్తే చిన్నప్పుడు ఎత్తుకునేవాడు. ఇప్పుడు చేతులు లేవలేదు.

గుమ్మం దిగాక బాబు సైకిలు పట్టుకుని ఆగి, ఇకమీదట ఉత్తరాలు ఈ అడ్రసుకేనా అని అడిగాడు.

"ఇది కొట్టేయండి."

"మరి ఏం రాయమంటావు?"

దేముడు లైను పొడుగునా వరసగా మూసి ఉన్న తలుపులు చూశాడు.

"దొరికినాక వచ్చి సెప్తాను," అని ఖరిదా వైపు నడిచాడు.