ఒక్కసారే అడిగారు

ఐర్లండ్‌లో డ్రోహెడా ఊరు దాటి కాస్త దూరం పోతే పొలాల మధ్య మార్టిన్ కారొలన్ ఇల్లు. సంతోషకుమారి రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయనకి స్నానం చేయించి, మందులేసి, ఓట్స్ జావ కాచి పెడుతుంది. అది ఆమె ఉద్యోగం. కబుర్లు వినడం ఉద్యోగంలో లేదు గానీ, ఆ కొంపలో ఆమె తప్ప వినేదెవరు? ఆ మాటకొస్తే ఆమెకి మాత్రం ఎవరున్నారు? మొగుడూ పిల్లా వీసా కోసం చీరాలలోనే పడి ఉన్నారు.

ఆ వారమంతా ముసలాయనకి ఒకటే ధ్యాస. అమెరికా నుంచి చుట్టాలొస్తున్నారు. ఆయన తాతగారి తమ్ముడు పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని నెబ్రాస్కా వెళ్ళి, సర్కారు ఊరికే ఇచ్చిన బీడులో, చెట్టూ చేమా లేనిచోట, గడ్డివేళ్ళతో సహా మట్టిపెళ్ళలు కోసి గోడలు పేర్చుకుని కాపురం పెట్టాడట. బయల్దేరే ముందు రాత్రి ఊరివాళ్ళంతా ఈ వంటింట్లోనే, శవం దగ్గర కూర్చున్నట్టు తెల్లార్లూ కూర్చున్నారట. వెళ్ళినవాడు మళ్ళీ రాడు మరి. బతికున్న మనిషికి శవజాగారమేమిటి, చోద్యం కాకపోతే! అనుకుంది సంతోషకుమారి. చీరాల స్టేషన్లో తన కూతురి ఏడుపు గుర్తొచ్చాక ఇంకేమీ అనుకోలేదు.

"ఆ పొలం చూడకుండా చావనమ్మాయ్. రమ్మంటే చాలు, వెళ్ళిపోతాను," అనేవాడు మార్టిన్. ఎనభై దాటిన మనిషి, ప్రయాణానికని కొత్త బూట్లు కూడా కొని పెట్టుకున్నాడు.

శనివారం వాళ్ళు రానే వచ్చారు, కొలీన్ అనే ఆవిడా, ఆవిడ భర్తా. ఫోన్లో మట్టి ఇంటి ఫొటో చూపించారు. మార్టిన్ దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూశాడు.

"జూన్‌లో మనవాళ్ళందరం ఆ పొలంలో కలుస్తున్నాం. మీరూ రావాలి, టికెట్ మాది," అంది కొలీన్.

ముసలాయన మొహం ఒక్కసారి వెలిగింది. అంతలోనే చెయ్యి ఊపేశాడు. "అబ్బే, నేనెందుకులే, మీకు శ్రమ. ఇక్కడ నాకు హాయిగానే ఉంది."

టీ పోస్తున్న సంతోషకుమారి గతుక్కుమంది. ఆ వద్దనడం ఎలాంటిదో ఆమెకి బాగా తెలుసు. ఈ చుట్టుపక్కల కప్పు టీ ఇస్తానన్నా మూడోసారికి గానీ ఎవరూ ఊఁ అనరు. చీరాలలో మాత్రం? "ఇప్పుడే తాగొచ్చామండీ" అన్నారని చుట్టాల్ని ఉత్తిచేతుల్తో పంపితే ఆ ఇంటికి పరువుంటుందా! ఇంకోసారి అడగవే తల్లీ, అని మనసులో మొత్తుకుంది.

కొలీన్ అడగలేదు. "సరే, మీ ఇష్టమే మాకు ముఖ్యం," అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. పాపం, వాళ్ళ మర్యాద అది.

వాళ్ళు కారెక్కుతుంటే సంతోషకుమారి గేటు దాకా పరిగెత్తింది. "మేడమ్, ఆయనకి రావాలనే ఉంది. మళ్ళీ ఒక్కసారి అడగండి."

"వద్దని చెప్పారు కదా," అంది కొలీన్ దిగులుగా. "పెద్దాయన్ని బలవంతపెట్టలేను." కారు వెళ్ళిపోయింది.

లోపలికొచ్చి సంతోషకుమారి ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "వస్తానని చెప్పండి అంకుల్. అడగందే అమ్మయినా పెట్టదంటారు మావాళ్ళు."

"వద్దమ్మాయ్. నిజంగా రమ్మనాలని ఉంటే మళ్ళీ అడిగేవాళ్ళే. మాట వరసకన్నారంతే."

"అయ్యో, మీకే ఇష్టం లేదనుకుని వెళ్ళారు వాళ్ళు!"

ఆయన నమ్మలేదు. నవ్వి, ఫోన్ పక్కకి జరిపాడు.

"ఆ బీడులో కాస్త నిలదొక్కుకున్నాక రమ్మని మా తాతకి కబురు పెట్టాడట తమ్ముడు," అన్నాడు. "మొహమాటానికి వద్దన్నాడు తాత. మళ్ళీ పిలుస్తాడని చచ్చేదాకా చూశాడు."

సంతోషకుమారికి ఏడుపు ఆగలేదు. ఇంకో ఇంటికి వెళ్ళాల్సిన టైమైపోయింది. కోటు వేసుకుని కూడా ఆయన పక్కనే కూర్చుండిపోయింది.