ఏడింటి దాకా లేవను

టేపమ్మ ఊళ్ళోవాళ్ళ వంటగదులకి నమూనాలు గీస్తుంది. కొలత టేపు ఎప్పుడూ నడుముకి వేలాడుతుంటుందని వడ్రంగులు పెట్టిన పేరది. ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. చెక్క కొయ్యకముందు ఆమె ఒక పని చేయిస్తుంది. నేల మీద రంగు టేపు అతికించి, ఇదిగో మీ పొయ్యి, ఇదిగో మీ గట్టు అని చూపించి, ఆ ఉత్తి గీతల మధ్య ఇంటావిడని ఓ పూట వంట చేస్తున్నట్టు తిరగమంటుంది. ఎక్కడ ఇబ్బందైతే అక్కడ గీత జరుపుతుంది.

ఇలా నూటపాతిక ఇళ్ళు సర్దిపెట్టిన మనిషికి సొంతింట్లో పెన్సిలు పెట్టుకునే చోటు లేదు. ఆమెకి మనుషుల మొహాలు గీయాలని పదిహేనేళ్ళ కోరిక. హాల్లో వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే, దాని కింద భర్త కొత్త సోఫా వేద్దామనుకున్నాడు. ఆదివారం వస్తుందది. ఆమెని మాటమాత్రంగానైనా అడగలేదు, కొలతలు మాత్రం ఆమె చేతే తీయించాడు. తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఆమె కిటికీ కింద బల్ల కొలతకి టేపు అతికించి, పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుంది.

"ఇది నా బల్ల. ఆదివారం దాకా పరీక్ష."

"లేని బల్ల ముందు కూర్చోవడమేంటమ్మా, చూసినవాళ్ళు నవ్విపోతారు" అన్నారు అత్తగారు.

నవ్వేవాళ్ళని నవ్వనిచ్చింది. కానీ కూర్చోనిచ్చిందెవరు? కూతురికి రబ్బరు కనబడలేదు. భర్తకి చార్జరు కనబడలేదు. అత్తగారికి కళ్ళజోడు కనబడలేదు, అది ఆవిడ నెత్తి మీదే ఉంది. లేచిన ప్రతిసారీ టేపమ్మ సుద్దముక్కతో నేల మీద ఓ గీత గీసింది. గంటలో పద్నాలుగు. మంగళవారం పదహారు.

బుధవారం ఆ గీతల ముందు చతికిలబడి చూసింది. వేరే ఇంటావిడైతే తనేం చెప్పేది? ముందు ఏం కావాలో సరిగ్గా అడగండమ్మా, అనేది. బల్ల వచ్చినా దాని ముందు తను ఉండదని అప్పుడు అర్థమైంది. తనకి ముందు కావలసింది లేవకుండా కూర్చునే ఒక గంట.

భోజనాల దగ్గర కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "రేపట్నుంచి ఆరింటి నుంచి ఏడింటి దాకా నేను లేవను."

"మరి మాకేదైనా కావాలంటే?" అన్నాడు భర్త.

"వెతుక్కోండి. దొరక్కపోతే ఏడింటికి చెప్పండి."

గురువారం తొమ్మిదిసార్లు పిలిచారు. కాళ్ళు వాటంతటవే లేవబోతుంటే కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. ఏదో తప్పు చేస్తున్నట్టనిపించి ఒక్క బొమ్మా రాలేదు. శుక్రవారం పిలుపులు ఐదుకి దిగాయి. శనివారం కాగితం మీద అత్తగారి ముక్కు కుదిరింది.

ఆదివారం ఆరుంపావుకి సోఫా వచ్చింది. ఇద్దరు మనుషులు మూడంతస్తులు మోసుకొచ్చి గుమ్మంలో ఆగారు.

"ఎక్కడ పెట్టమంటారు సార్?"

భర్త ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఐదు నిమిషాలు లే. పరువు తియ్యకు."

"ఏడింటికి లేస్తానండీ. లేచినా ఈ చోటు నాదే. సోఫా తలుపు పక్క గోడకి సరిపోతుంది, కొలిచింది నేనే కదా. అక్కడున్న చెప్పుల బీరువా జరుపుకోండి."

"జరపను."

"సరే."

మోసుకొచ్చినవాళ్ళకి ఇంకా రెండిళ్ళున్నాయి. సోఫాని మెట్ల దగ్గరే దించి వెళ్ళిపోయారు. భర్త తెరిచిన తలుపుకి ఎదురుగా, మొహం మాడ్చుకుని దాని మీదే కూర్చున్నాడు. పై అంతస్తాయన దిగుతూ, "బాగుందండీ సోఫా" అన్నాడు.

పది నిమిషాలు తక్కువ ఏడింటికి బయట్నుంచి గొంతు వినిపించింది. "టేపమ్మా, ఆ బీరువా ఒక్కణ్ణే జరపలేను. కాస్త రా."

ఆమె తలెత్తలేదు. అత్తగారు గడియారం వంక చూశారు.

"ఇంకా ఏడు కాలేదురా" అన్నారు. "ఉండు, నేను పడతాను."

ఆ రోజూ నేల మీద సుద్దగీత ఒక్కటీ పడలేదు. కాగితం మీద మాత్రం, మెట్ల దగ్గర కొత్త సోఫాలో ముడుచుకు కూర్చున్న మొగుడి మొహం అచ్చుగుద్దినట్టు వచ్చింది.