వదులు

ఆమె వేసిన కుట్టు ఊడదని వీధి మొత్తానికి తెలుసు. చొక్కా రంగు వెలిసిపోవచ్చు, మోచేతుల దగ్గర చిరిగిపోవచ్చు, కుట్టు మాత్రం చెక్కు చెదరదు. అందుకే అందరూ ఆమెకి ‘ఉక్కుదారం’ అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు. అయినా ఆమె చెవిన పడింది. పైకి విసుక్కుంది కానీ లోపల్లోపల మురిసిపోయింది.

బట్టలతో పాటు ఒక కోపాన్ని కూడా ఆమె అంత గట్టిగానే కుట్టుకుంది. అది తమ్ముడి మీద.

తండ్రి పోయాక కుట్టుపని దుకాణాన్ని నిలబెట్టింది ఆమే. తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కాలరు తిప్పడం దాకా దగ్గరుండి నేర్పింది. వాడు వేసిన ప్రతి కుట్టూ చూసేది. రవ్వంత వంకర కనిపించినా మొత్తం విప్పించేది. నిరుడు ఒక పొద్దున వాడు మెడలో టేపు తీసి కొక్కేనికి తగిలించి, బేకరీలో పనికి కుదిరానని చెప్పాడు.

“పిండి పిసుక్కుంటూ బతుకుతావా? ఇంత విద్య నేర్పింది ఇందుకా?”

“నీ పక్కన నాకు ఊపిరాడ్డం లేదక్కా.”

“అయితే వెళ్ళి ఆ పొయ్యి దగ్గర పీల్చుకో ఊపిరి! నీకూ నాకూ చెల్లు.”

అప్పట్నుంచి మాటల్లేవు. బేకరీ రెండు వీధుల అవతలే. రొట్టె కావాలంటే ఆమె చుట్టూ తిరిగి ఇంకో కొట్టుకి వెళ్ళేది.

వచ్చే శనివారం వాడి పెళ్ళి. అమ్మ వారం రోజులు బతిమాలితే ఆమె ఒక మెట్టు దిగింది. “కోటు కుడతాను. పెళ్ళికి మాత్రం రాను.” అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. కొలతలు తీసుకోవాలంటే వాణ్ణి పిలవాలి, మాట్లాడాలి. ఆమె పాత కొలతలతోనే కత్తిరించింది. వాడి ఒంటి కొలతలు తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి?

కోటు అమ్మ చేతికిచ్చి పంపిన మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టరుగారు బైబిల్లోంచి, చనిపోయిన ఒక తమ్ముడి కథ చెప్పారు. సమాధిలో పెట్టి నాలుగు రోజులైన మనిషి, ఏడుస్తున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ప్రభువు పేరు పెట్టి పిలిస్తే వాడు కాళ్ళూ చేతులూ గుడ్డలతో చుట్టి ఉండగానే బయటికొచ్చాడు. అప్పుడు ప్రభువు చుట్టూ ఉన్నవాళ్ళతో, వీడి కట్లు విప్పి పోనివ్వండి అన్నాడు.

ఆమె ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటోంది. ఈసారి మాత్రం మనసు ఆ గుడ్డల దగ్గరే ఆగిపోయింది. పని అలవాటు అలాంటిది. చచ్చినవాణ్ణి లేపినవాడికి నాలుగు ముడులు విప్పడం ఒక లెక్కా? ఆ చిన్న పని పక్కవాళ్ళకి ఎందుకు వదిలేశాడు? అసలు ఆ గుడ్డలు చుట్టిందెవరు? ఆ అక్కలే అయ్యుంటారు. వేరేవాళ్ళ చేత చేయించి ఉండరు. ప్రేమతోనే చుట్టి ఉంటారు. ప్రేమతోనే బిగించి ఉంటారు.

అక్కడికొచ్చేసరికి ఆమెకి ఎందుకో కూర్చున్న బల్ల ఇరుకుగా అనిపించింది. చుట్టూ అందరూ పాటకి లేచి నిలబడ్డారు. ఆమె ఒక్కతే కాస్త ఆలస్యంగా లేచింది.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ దుకాణంలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. అమ్మకి ఒక మాట చెప్పి పంపడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోసి పంపడమే. చేరేసరికి చెమ్మ మిగిలితే గొప్ప.

“కోటు చూసుకున్నాడా?” మిషను ఆపకుండానే అడిగింది.

“చూసుకున్నాడు, తొడుక్కున్నాడు కూడా. అద్దం ముందు ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. అబ్బ, ఈ ఎండకి నా ప్రాణం పోతోందే. కాసిన్ని మంచినీళ్ళియ్యి.”

ఆమె నీళ్ళిచ్చింది. “ఏమన్నాడు?”

“ఎవరు?”

“ఎవరేమిటమ్మా! నీ కొడుకు.”

“ఆఁ, నీకో మాట చెప్పమన్నాడు.” అమ్మ గ్లాసు ఖాళీ చేసి, గుర్తు తెచ్చుకుంటూ కళ్ళు మూసుకుంది. “అక్కతో ‘వదులు’ అని చెప్పు, అన్నాడు.”

“ఇంకా?”

“ఇంకా ఏదో అన్నాడు, నాకు గుర్తులేదు. వదులు అన్నాడు. అంతే.”

మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. వదులు. ఏడాది తర్వాత తమ్ముడి దగ్గర్నుంచి వచ్చిన ఒకే ఒక్క మాట. వదిలెయ్యక్కా, ఇంక చాలు. వాడి గొంతు ఎలా పలికి ఉంటుందో కూడా ఆమెకి వినిపించింది. తనకంటే చిన్నవాడు. ముందు వాడే అడిగాడు. ఇన్నాళ్ళూ కోపాన్ని తన బలమనుకుంది, ఊడనిది కదా అని గర్వపడింది. విప్పాలంటే కొస ఎక్కడుందో తెలియక బిగించుకుంటూ కూర్చున్నానని ఇప్పుడు తెలిసొచ్చింది. కొస వాడే తీసి చేతికిచ్చాడు.

“కొట్టు చూస్తూ ఉండమ్మా!”

“ఎక్కడికే? చెప్పులు వేసుకో!”

ఆమె అప్పటికే వీధి దాటింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

బేకరీలో తమ్ముడు మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు. గుమ్మంలో అక్కని చూసి పిండి ముద్దని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

“ఒరేయ్ చిన్నోడా,” అంది ఆయాసపడుతూ. “వదిలేశాన్రా.”

వాడు కళ్ళు చిట్లించాడు. “వదులు చేశావా? ఎలా? కోటు ఇంకా ఇంట్లో కుర్చీ మీదే ఉందిగా! అమ్మ తేవడం మర్చిపోయింది.”

“కోటేమిట్రా?”

“నడుం దగ్గర బిగుతైంది, వదులు చెయ్యమన్నాను కదా. అమ్మ ఏం చెప్పింది?”

ఒక్క క్షణం ఆమెకి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. పాత కోపం తలుపు సందులోంచి తొంగి కూడా చూసింది. కానీ వదిలేశానన్న మాట నోరు దాటిపోయింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోవాలని చూసింది. చూస్తే, తీసుకోబుద్ధి కాలేదు. లోపల ఎక్కడో కుట్టు ఒకటి ఊడి, అక్కడ చల్లగాలి ఆడుతోంది.

“అమ్మ ఒక్క ముక్కే చెప్పింది. వదులు, అని.” ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. “నేను మన గొడవ వదిలెయ్యమన్నావేమో అనుకున్నా. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాన్రా!”

తమ్ముడు ఆమె పాదాల వంక చూశాడు. ముందు పెదవులు వణికాయి, తర్వాత భుజాలు. పిండి ముద్ద బల్ల మీద పడేసి పగలబడి నవ్వాడు. పొయ్యి దగ్గరున్న బేకరీ యజమాని కూడా, సంగతేమిటో తెలియకుండానే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా పిండి.

“ఆ మాట కూడా చెప్పి పంపాలనే ఉందక్కా,” అన్నాడు. “ధైర్యం చాల్లేదు. కోటు సంగతైతే అడగొచ్చని అడిగాను.”

“ఊపిరాడ్డం లేదన్నావు.”

“అన్నాను. వీధి చివరికెళ్ళి ఏడ్చాను కూడా. కుట్టుపని మీద కోపం కాదక్కా. నువ్వు విప్పించకుండా ఒక్కటైనా సొంతంగా చేసి చూడాలనిపించింది.” బల్ల మీంచి వేడి రొట్టె తీసి అందించాడు. “ఇదిగో, ఇది విప్పలేవు. తిను.”

ఆమె తుంచి నోట్లో పెట్టుకుంది. లోపల మెత్తగా, బోలెడు చిన్న చిన్న గాలి గదులతో ఉంది. నములుతూ తల ఊపింది. “వంకర లేదు,” అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు వాడు ఎన్నడూ వినలేదు.

“చేతులెత్తు. కొలుస్తాను.” నడుము చుట్టూ టేపు తిప్పి ఆశ్చర్యపోయింది. “ఏమిట్రా ఇది? కాల్చేవి కాల్చినట్టే మింగుతున్నావా?”

“పెళ్ళికూతురు కూడా అదే అడిగింది.”

సాయంత్రం ఆమె కోటు బల్ల మీద బోర్లా పరిచి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కుట్టు లోపల మిగులు బట్ట వదలడం ఆమెకి అలవాటు లేదు. అంచు దగ్గరే కత్తిరించడం తన పనితనమనుకునేది. ఇప్పుడు బట్ట లేకపోతే శనివారానికి కోటు లేనట్టే.

కోటు లోపలి అస్తరు పైకెత్తింది. నడుము దగ్గర రెండు వైపులా రెండేసి వేళ్ళ వెడల్పు బట్ట లోపలికి మడిచి ఉంది.

తనే కత్తిరించింది. ఎందుకు వదిలిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పళ్ళు బిగబట్టుకుని, మనసులో వాణ్ణి తిట్టుకుంటూ కత్తెర ఆడించిన రోజది. నోరు తిడుతుంటే చెయ్యి వాడికోసం చోటు దాచింది. ఆ చేతిని ఎవరు నడిపించారో అడగాల్సిన అవసరం ఆమెకి కనిపించలేదు. తల వంచి, సూది వేళ్ళ మధ్య ఉండగానే, చిన్నగా థాంక్స్ చెప్పుకుంది.

శనివారం చర్చిలో ఆమె ముందు వరసలో కూర్చుంది. పాస్టరుగారు ఏదో అడగ్గానే తమ్ముడు జవాబు చెప్పబోయి ఆగాడు. గుండెనిండా ఒక పెద్ద ఊపిరి పీల్చుకున్నాడు. కోటు వాడితో పాటు పొంగింది. వాడు ఓరగా అక్క వంక చూసి కన్ను గీటాడు.

“ఏమంటున్నాడే?” అని అమ్మ ఆమె చెవిలో అడిగింది.

“కోటులో గాలి బాగా ఆడుతోందట,” అంది ఆమె.

అమ్మ వెంటనే పక్కావిడ వైపు తిరిగి చెప్పింది. “బయట గాలివాన పడుతోందట.”