సంప్రదించవలసిన నంబరు

“రెండో పేజీ దేనికి, అంత ఏం చేశావని?” అన్నారు మా ఆయన నా రెజ్యూమె చూసి. నేనప్పుడు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది గానీ, మాడలేదు. నిజమే, ఏం చేశాను? పెళ్లయ్యాక మిగిలిపోయిన చివరి ఏడాది చదివి, కామర్సులో డెబ్బై ఎనిమిది శాతం తెచ్చుకున్నాను. ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో ఎక్సెల్ నేర్చుకున్నాను. అదంతా ఒక్క పేజీలో హాయిగా పడుతుందన్నారు. పడింది.

పట్టా చేతికొచ్చి పది నెలలు. పెద్ద కంపెనీల మీద నాకు ఆశ లేదు. ఏ ఆడిటరు ఆఫీసులోనో, అప్పులిచ్చే ఏ చిన్న సంస్థలోనో అసిస్టెంటు కుర్చీ దొరికితే చాలనుకున్నాను. ముప్ఫై నాలుగు చోట్లకు పంపితే ఒక్కరూ పిలవలేదు. పిలవలేదంటే లోపం కాగితంలోనే ఉందని ఇంటిల్లిపాదీ తేల్చి, తలో చెయ్యీ వేశారు. ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు ‘లక్ష్యం’ అనే పేరా మూడుసార్లు మార్పించింది. మామగారు మార్కులు లావు అక్షరాల్లో ఉండాలన్నారు. ‘ఎక్కడైనా పనిచేయడానికి సిద్ధం’ అన్న వాక్యం వినగానే అత్తగారు, ఎక్కడైనా అంటే ఎక్కడమ్మా, మరి ఇక్కడ వంటెవరు చేస్తారని అడిగారు. మా ఆయన నవ్వుతూ ఆ వాక్యం తీసేశారు. కాగితం బాగుపడే కొద్దీ, ఎందుకూ పనికిరానిది నేనేనన్న నమ్మకం నాకు గట్టిపడుతూ వచ్చింది.

నిన్న కూరగాయలకని చెప్పి, కొత్తగా దిద్దిన కాగితం ఇరవై ప్రింట్లు తీయించడానికి వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్లాను. నడిపేది ఒక నడివయసు ఆవిడ. ఆవిడకో అలవాటుంది. ప్రింటు కొట్టే ముందు కాగితం మీదున్న నంబరుకి తన ఫోన్ నుంచి ఒకసారి చేసి చూస్తుంది. ఎప్పుడో ఒక అంకె తప్పు పడి ఎవరికో ఉద్యోగం పోయిందట, తిట్లు ఈవిడ తిన్నదట. చేతులు మిషన్లో ఉన్నాయి కనుక స్పీకరు పెట్టింది. అది మా ఆయన నంబరని నేను చెప్పేలోపే అటు ఆయన ఎత్తారు.

“రెజ్యూమె మీద ఈ నంబరుందండీ, అందుకని చేశాను,” అంది ఆవిడ.

“ఉద్యోగం గురించా? మా ఆవిడకి కుదరదండీ. ఇంట్లో బాధ్యతలున్నాయి. ఈ నెలలో మీరు నాలుగోవారు, అందరికీ ఇదే చెప్తున్నాను. మీకు శ్రమ ఇచ్చాం, ఏమనుకోకండి.”

ఎంత మర్యాదో. నాతో ఏనాడూ అంత మర్యాదగా మాట్లాడలేదు. రెజ్యూమె మొదటిసారి టైపు చేసినప్పుడు, నువ్వు వంటింట్లో ఉంటే ఫోన్ వినపడదు, మంచి కాల్ పోతుంది, నా నంబరు పెడతానన్నారు. మెయిలు కూడా తన ఫోన్లోనే తెరిచిపెట్టుకున్నారు. నా గురించి ఎంత ఆలోచిస్తారో అని ఆ రోజు మురిసిపోయాను. కంచే చేను మేస్తుంటే చేను మురిసిందన్నమాట. ఈవిడ నాలుగో మనిషైతే, ఈ ఒక్క నెలలోనే ముగ్గురు నన్ను రమ్మన్నారు. నేను పనికొస్తానని ఊళ్లో ముగ్గురికి తెలుసు, నాకు తెలియదు.

షాపావిడ నా మొహం చూడకుండా వేరే నంబరు చెప్పమ్మా, మారుస్తాను అంది. ఏ నంబరు చెప్పను? నా ఫోన్ హాల్లో ఉంటుంది, మోగితే అత్తగారే ఎత్తుతారు. మా అమ్మ నంబరిస్తే, అల్లుడుగారిని ఒక్క మాట అడిగి చెప్తానండీ అంటుంది. కొత్త సిమ్ కొందామంటే నా గుర్తింపు కార్డు మామగారి బీరువాలో, తాళం ఆయన జేబులో. ఇరవై మూడేళ్లొచ్చాయి, నా కోసం మోగి నేనే ఎత్తే ఫోన్ ఒక్కటి లేదు. ప్రింట్లు వద్దని చెప్పి, రెండు కట్టల ఆకుకూర కొనుక్కుని ఇంటికొచ్చాను.

సాయంత్రం టీ ఇస్తుంటే మా ఆయన, ఎక్కడి నుంచైనా కబురొచ్చిందా అని అడిగారు. నా కళ్లలోకి చూసే అడిగారు. రాలేదన్నాను.

“బెంగపడకు. బయట పరిస్థితే బాగాలేదు. ఆదివారం కూర్చుని రెజ్యూమె ఇంకాస్త బాగుచేద్దాం,” అని నా తల నిమిరారు.

ఆ చెయ్యి విసిరికొట్టాలనిపించింది. కానీ నిలదీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నీ మంచికే చేశానంటారు. అత్తగారు కళ్లొత్తుకుంటారు. మర్నాటి నుంచి కూరగాయలు ఆయనే తెస్తారు. పది నుంచి పన్నెండు దాకా నాకు దొరికే ఆ రెండు గంటలూ పోతాయి. ఖాళీ కప్పు తీసుకుని కడగడానికి వెళ్లాను. ఓర్పు కాదది, భయం.

ఇవాళ పదింటికి మళ్లీ సంచి పట్టుకుని షాపుకెళ్లాను. నడిచి వెళ్లి పన్నెండులోపు తిరిగి రాగలిగిన ఆఫీసులు మా ఇంటి చుట్టుపక్కల తొమ్మిది ఉన్నాయి. రాత్రంతా వాటినే తలుచుకుంటూ పడుకున్నాను. నంబరూ మెయిలూ రెండూ కొట్టేయమన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, ఫోన్ లేని రెజ్యూమె ఎవరూ చూడరమ్మా, అక్కడ ఏదో ఒకటి ఉండాలి అంది. ఉంటుంది అక్కా, చెప్తాను, టైపు చేయండన్నాను.

“ఫోన్ చేయకండి. జవాబు కోసం గురువారం పదికీ పన్నెండుకీ మధ్య నేనే వస్తాను.”