తిప్పేస్వామి చేలో సినిమా వాన

నేను ఒక వాన యంత్రాన్ని. నవ్వకండి. మీరు తెరమీద చూసి ఈలలు వేసిన వానల్లో చాలా వాటికి తల్లిని నేనే. నాలుగు పొడవాటి ఇనుప గొట్టాలు, వాటి కొసన చిల్లుల మూతలు, కింద గుర్రుమనే మోటారు. ఇదీ నా రూపం. మద్రాసులో ఒక ఇరుకు సందులో వెల్డరొకడు నన్ను అతికాడు. అక్కడి యజమాని చేతులెత్తేశాక హైదరాబాదుకి అమ్ముడుపోయాను. అప్పటినుంచీ నన్ను నడిపేది మస్తాన్. మంచివాడే, కానీ పైనుంచి ఎవరేం చెబితే అది చేసే రకం.

ఇన్నేళ్లూ హీరోయిన్లను తడపడమే నా బతుకు. ఒక్క గింజను మొలకెత్తించిన పాపాన పోలేదు. అందుకే, మనిషికీ ప్రకృతికీ ఉన్న బంధం మీద సినిమా తీస్తున్నారనీ, దానికి నన్నే తీసుకెళ్తున్నారనీ తెలిసి పొంగిపోయాను. నా పిచ్చి గానీ!

అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లెకి వెళ్లాం. సినిమా కథలో ఒక రైతు చేను ఎండిపోతుంది. ఆయన నేలతల్లికి మొక్కి ఏడిస్తే వాన కురుస్తుంది. అందుకు తగిన చేను కోసం వెతికితే తిప్పేస్వామి అనే రైతుది దొరికింది. వేరుశనగ మొక్కలు వాడిపోయి తలలు వాల్చేశాయి. డైరెక్టరు వాటిని చూసి "అద్భుతం! ఎంత సహజంగా ఎండిందో!" అని మురిసిపోయాడు. చేను గలవాడు పక్కనే ఉండగా ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో!

మేనేజరు అద్దె మాట ఎత్తాడు. తిప్పేస్వామి చేతులు జోడించాడు.

"బాడుగొద్దు సార్. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే టైము. ఒక్క పదును వాన పడితే పంట నిలబడతాది. మీ వానేదో నా చేన్లోనే కురిపీండి."

"దానికేం, ఇక్కడే కురిపిస్తాం" అన్నాడు డైరెక్టరు.

మస్తాన్ తిప్పేస్వామికి అసలు సంగతి విప్పి చెప్పాడు. తొలి చినుకులు ఎండిన నేలమీద పడాలి, కాబట్టి తడిసిన చోట మళ్లీ తీయడానికి లేదు. షాటు చెడిన ప్రతిసారీ నన్ను పక్క చాళ్లలోకి జరపాల్సిందే. అంటే ఎన్నిసార్లు చెడితే అంత చేను తడుస్తుందన్నమాట. తిప్పేస్వామి ముఖం వెలిగిపోయింది. అతని భార్య వన్నూరమ్మ గట్టుమీద కూర్చుని, హీరోకి మాట తడబడాలని అప్పటికప్పుడు దేవుడికి మొక్కేసింది. నేనూ మొక్కాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

మొదటి షాటులో నా కింది చాళ్లు బాగా తడిశాక, సరిగ్గా చివరి మాట దగ్గర హీరో తుమ్మాడు.

"వన్ మోర్!" అని అరిచాడు డైరెక్టరు.

"అంటే ఏందన్నా?" అని మస్తాన్‌ని అడిగాడు తిప్పేస్వామి.

"ఇంకోసారి తీద్దాం అని."

"ఓయమ్మ! ఎంత సల్లని మాట!"

మొగుడూ పెళ్లాం ఇద్దరూ మస్తాన్‌తో పాటు భుజం పట్టి నన్ను పక్కకి మోశారు. నా జన్మలో అంత ప్రేమగా నన్నెవరూ మోయలేదు. బాటమీద ట్యాంకర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. నీళ్లకేం లోటు లేదు.

రెండో షాటు. ఆ హీరో ఏనాడూ అంత బాగా నటించి ఎరగడు. నేలమీద పడి, మట్టి పిడికిట పట్టి ఏడ్చాడు చూడండి, లైట్‌బాయ్‌లు కూడా కళ్లు తుడుచుకున్నారు. చచ్చినవాడికి నటన ఆ రోజే రావాలా!

"ఓకే!" అన్నాడు డైరెక్టరు. చప్పట్లు మోగాయి. మోటారు ఆపేశారు.

తిప్పేస్వామి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఏడుపు సరిగ్గ రాల్యా సార్. నేను సూస్తాంటి గదా, ఏడ్సేవాడు అట్ల ఏడ్సడు. వన్ మోర్ సార్, వన్ మోర్!"

అందరూ పకపకా నవ్వారు. డైరెక్టరు అతని భుజం తట్టి, "చూశారా, పల్లెటూరి మనిషికి కళంటే ఎంత శ్రద్ధో" అన్నాడు.

వన్నూరమ్మ నవ్వలేదు. "నీళ్లు మిగిలిండాయి గద సామీ, ఇట్ల చేన్లోకి వదలండి" అని మేనేజరును బతిమాలింది. ఆయన గడియారం చూసుకున్నాడు. హీరో కారుకి దుమ్ము అంటకూడదని ఆ నీళ్లన్నీ బాటమీద చల్లించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, మీట నా చేతిలో లేనప్పుడు! తడిసిన ఆ కాసిని చాళ్లు తప్ప మిగతా చేనంతా మాడిపోయిందని తరవాత మస్తాన్ ఎవరితోనో అంటుంటే విన్నాను.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. విజయోత్సవమంటూ ఆ ఊళ్లోనే తెర కట్టి ఆట వేశారు. చివరి సన్నివేశంలో జనం మీద నాలుగు చినుకులు చల్లాలట. అందుకని నన్నూ తెచ్చి తెర పక్కన నిలబెట్టారు. తిప్పేస్వామి, వన్నూరమ్మ నా పక్కనే గోనెపట్టా పరుచుకుని కూర్చున్నారు.

తెరమీద వాన వెలిసింది. కంప్యూటర్లో పచ్చరంగు పూసినట్టున్నారు, చేను గట్టునుంచి గట్టుదాకా కళకళలాడిపోయింది. హీరో ఒక మొక్క పీకి దులిపాడు. గుత్తులు గుత్తులుగా కాయలు.

"మన చేనే" అంది వన్నూరమ్మ మెల్లగా. "గట్టుమీది ఆ రాతిగుండు సూడు, మనదే. ఎన్ని మూటలయ్యింటాయి?"

తిప్పేస్వామి తెరమీంచి కళ్లు తిప్పలేదు. వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు.

"ఎంత లేదన్నా..." అన్నాడు.

అంతలో మస్తాన్ మీట నొక్కాడు. వాళ్లిద్దరి మీదా నేను జోరుగా కురిశాను. జనం ఈలలు వేశారు.